పన్నెండో నంబరు పానా

కారు నడపడం గురించి మన రచయిత్రులు కొద్దో గొప్పో రాశారు. వెనక సీటులోంచి ముందు సీటులోకి మారడం, స్టీరింగ్ చేతికి రావడం, ఎవరి తోడూ లేకుండా ఊరి పొలిమేర దాటడం - ఇవన్నీ మనకి స్వేచ్ఛకు గుర్తులయ్యాయి. అందులో తప్పేమీ లేదు. కాని ఆ స్టీరింగ్‌కి రెండడుగుల ముందు, ఒక రేకు మూత కింద ఉన్న ప్రపంచాన్ని మాత్రం మగవాళ్ళకే వదిలేశాం. విమల 'వంటిల్లు' చదివాక మన వంటిళ్ళని కొత్త కళ్ళతో చూసుకున్నాం. మెకానిక్ షెడ్డుని కూడా అలా చూడాలన్న ఆలోచన మనకి పెద్దగా రాలేదు. షెడ్డు మనది కాదన్న సంగతి ఎవరూ నోరు తెరిచి చెప్పకుండానే తెలిసిపోయింది. అలా ఎవరూ చెప్పకుండా తెలిసిపోయే విషయాల్లోనే పితృస్వామ్యం తన పని చప్పుడు లేకుండా చేసుకుపోతుంది.

ఈ వ్యాసం ఇంజనులో ఒక భాగాన్ని విప్పడం గురించి. దాని పేరు ఇన్‌టేక్ మానిఫోల్డ్. మా పల్నాడు షెడ్లలో ఉత్తి 'మానిఫోల్డు'. పిస్టన్ కిందికి దిగినప్పుడు సిలిండర్‌లో ఏర్పడే వెలితి బయటి గాలిని లోపలికి లాగుతుంది. ఆ గాలి ఫిల్టర్ దాటి, పాత బళ్ళలో అయితే కార్బురేటర్ దగ్గర పెట్రోలుతో కలిసి, ఒక్కో సిలిండర్‌కి ఒక్కో దారిన చీలిపోతుంది. ఆ దారుల కూర్పే మానిఫోల్డు. మారుతి 800కి మూడు సిలిండర్లు కాబట్టి మూడు దారులు. అది ఇంజను హెడ్డుకి ఆనే చోట సందు లేకుండా ఒక పలచటి గ్యాస్కెట్ వేస్తారు. దాన్నే మెకానిక్కులు ప్యాకింగ్ అంటారు. నేను చెప్పిన మాట నిజమా కాదా అన్నది ఒకసారి ఆ ప్యాకింగ్ తేల్చాల్సి వచ్చింది.

అది 2007. అప్పుడు నేను నరసరావుపేటలో కాపురముంటూ గురజాలలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. పల్నాడు అప్పటికింకా గుంటూరు జిల్లాలో భాగమే. నరసరావుపేట కేంద్రంగా విడి జిల్లా అయింది 2022 ఏప్రిల్‌లో. రోజూ పిడుగురాళ్ళ మీదుగా పోయి రావాలి. పిడుగురాళ్ళ అంటేనే సున్నం బట్టీలు. ఆ ఊరు దాటేసరికి అద్దాల మీద, చెట్ల ఆకుల మీద, మనుషుల కనురెప్పల మీద తెల్లటి దుమ్ము. ఎండాకాలం సంగతి ఇక చెప్పక్కర్లేదు. గురజాల దాటి మాచర్ల వైపు పోతే వచ్చే రెంటచింతల పేరు ఎండల వార్తల్లో ప్రతి వేసవిలోనూ చూస్తూనే ఉంటాం. బస్సులు దొరక్క కాదు గాని, పొద్దున్నే వంట, పిల్లల టిఫిన్ డబ్బాలు, ముసలివాళ్ళ మందులు అయ్యాక బస్సు వేళకి స్టాండు దగ్గరుండటం నా వల్ల అయ్యేది కాదు. అందుకే నా జీతంలోంచి వాయిదాలు కట్టి, 1998 మోడల్ మారుతి 800 ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అది నా ఉద్యోగానికి కాళ్ళు.

ఆ ఏడు ఎండలు ముదిరేసరికి బండి ఒక వింత జబ్బు మొదలుపెట్టింది. రోడ్డు మీద పరుగులో ఉన్నంతసేపూ బాగానే ఉండేది. రైల్వే గేటు దగ్గరో, గేదెలు అడ్డం వచ్చినప్పుడో ఆపితే వణికి వణికి ఆగిపోయేది. వెనకనించి లారీ హారన్లు. పక్కనించి "ఆడోళ్ళకి బండెందుకు" అనే చూపులు. షెడ్డుకి తీసుకెళితే అక్కడి మేస్త్రి నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "సారు రాలేదా మేడం?" బండి నాది, నడిపేది నేను, జబ్బు చూసింది నేను. ఆయన మాత్రం నా దగ్గర నంబరు తీసుకుని మా ఆయనకి ఫోన్ చేసి, ఆ బండిని ఒక్కసారి కూడా ఆ రోడ్డు మీద నడపని మనిషికి సంగతంతా వివరించాడు. ఒకసారి కార్బురేటర్ కిట్ మార్చారు. మరోసారి ప్లగ్గులు, పాయింట్లు మార్చారు. డబ్బు నేనే ఇచ్చాను. జబ్బు తగ్గలేదు. మూడోసారి వెళ్ళినప్పుడు మేస్త్రి నవ్వుతూ తీర్పు చెప్పేశాడు: "బండిలో ఏం లేదు మేడం. క్లచ్ మీద కాలు సరిగ్గా ఆడట్లా. ఆడవాళ్ళు నడిపే బళ్ళు ఇట్టాగే ఉంటయ్."

ఆ మాట ఇంటికి నాకంటే ముందే చేరింది. బండి అమ్మేసి బస్సులో పోవచ్చుగా అని ఒకరు, అసలు అంత దూరం ఉద్యోగం అవసరమా అని ఇంకొకరు. చూడండి, ఒక కారు గేటు దగ్గర ఆగిపోవడం నుంచి ఒక ఆడమనిషి ఉద్యోగం మానడం దాకా ఎంత దగ్గరి దారో! "బండిలో ఏం లేదు" అన్న మాట నాకు కొత్తగా కూడా అనిపించలేదు. కడుపులో నొప్పంటే, గుండె దడంటే "మీకేం లేదమ్మా, టెన్షన్ తగ్గించుకోండి" అని ఇంటికి పంపించిన అనుభవం మనలో ఎంతమందికి లేదు? మన ఒంటి గురించి మనం చెప్పేది సాక్ష్యం కానట్టే, మనం నడిపే యంత్రం గురించి చెప్పేదీ సాక్ష్యం కాదు.

మా కాలేజీ అటెండర్ చెబితే నరసరావుపేటలోనే ఇంకో చిన్న షెడ్డుకి వెళ్ళాను. రేకుల పందిరి, వేపచెట్టు, నేలంతా నల్లటి ఆయిలు. ఒక పెద్దాయన, ఇద్దరు కుర్రాళ్ళు. అందరూ ఆయన్ని భాయ్ అంటుంటే నేనూ అలాగే పిలిచాను. ఆయన సారు గురించి అడగలేదు. "ఏందమ్మా బండికి?" అన్నాడు. చెప్పాను. "ఆగినప్పుడే చచ్చిపోతుందా, పరుగులో కూడానా?" అని అడిగాడు. అన్నాళ్ళలో ఆ ప్రశ్న వేసిన మొదటి మనిషి ఆయనే. జవాబు తెలిసిందల్లా నాకు ఒక్కదానికే. ప్రశ్న సరైంది అయితే నా అనుభవం ఒక్కసారిగా జ్ఞానమైంది.

భాయ్ బానెట్ ఎత్తి ఇంజను స్టార్ట్ చేయించాడు. చిన్న సిరంజిలో పెట్రోలు తీసుకుని మానిఫోల్డు అతుకు వెంట ఒక్కో చుక్క వేస్తూ వచ్చాడు. (నిప్పుతో చెలగాటం లాంటి పని. తెలియనివాళ్ళు చెయ్యకూడదు.) ఒకచోట చుక్క పడగానే, అంతసేపూ తడబడుతున్న ఇంజను క్షణంపాటు నిలదొక్కుకుంది. "ఇక్కడ గాలి తాగుతుందమ్మా" అన్నాడు. అర్థమయ్యేటట్టు చెప్పమన్నాను. చెప్పాడు. పెట్రోలు ఇంజనులో ఒక పాలు పెట్రోలుకి దాదాపు పదిహేను పాళ్ళు గాలి, బరువు లెక్కన, కలవాలి. ప్యాకింగ్ తెగితే లెక్కలో లేని గాలి సందులోంచి దూరి పెట్రోలు పలచబడుతుంది. బండి ఆగి ఉన్నప్పుడు కార్బురేటర్ గాలి తలుపు దాదాపు మూసుకుని ఉంటుంది కాబట్టి లోపల లాగుడు ఎక్కువ. అప్పుడా చిన్న సందే పెద్ద దారి అవుతుంది. వేగంగా పోయేటప్పుడు తలుపు తెరుచుకుని గాలి ధారాళంగా వస్తుంది. దొంగగాలి అందులో లెక్కలోకి రాదు. పదిహేను అన్న అంకె నేను తర్వాత పుస్తకంలో చూసుకున్నాను గాని, సంగతంతా ఆయన చెప్పిందే. క్లచ్ మాట ఎక్కడా రాలేదు.

"రేపు సాయంత్రం వచ్చి తీసుకుపోమ్మా" అన్నాడు. "ఇక్కడే ఉంటాను, చూస్తాను" అన్నాను. షెడ్డులో పని ఆగిపోయింది. కూర్చోడానికి ఒక్క స్టూలు. అది కూడా టీ తాగడానికి వచ్చే మగవాళ్ళది. ఆడవాళ్ళు వెళ్ళే చోటు చుట్టుపక్కల లేదు. ఎదురుగా బడ్డీకొట్టు దగ్గర నలుగురు తీరిగ్గా నిలబడ్డారు. జ్ఞానానికి గోడలు ఇలా కూడా కడతారు. "రావద్దు" అని బోర్డు పెట్టక్కర్లేదు, మరుగుదొడ్డి లేకపోతే చాలు. కాసేపటికి బడ్డీకొట్టు దగ్గరనుంచి ఒక గొంతు: "నాగమ్మ దిగిందిరో!"

పల్నాడులో ఆ మాటకి అర్థం చెప్పక్కర్లేదు. పన్నెండో శతాబ్దంలో గురజాల రాజు నలగాముడి దగ్గర మంత్రిత్వం చేసింది నాయకురాలు నాగమ్మ. మాచర్ల వైపు బ్రహ్మనాయుడు. కోడిపందెం, కారెంపూడి యుద్ధం - కథ అందరికీ తెలిసిందే. యుద్ధం చేసింది రెండు వైపుల మగవాళ్ళు. రాజ్యం కోసం కొట్టుకుంది అన్నదమ్ములు. కాని చెడ్డపేరు మాత్రం ఎనిమిది వందల ఏళ్ళుగా నాగమ్మదే. 1947లో కన్నాంబ, 1966లో భానుమతి వెండితెర మీద ఆ పాత్ర వేశారు. ఆ ఠీవి చూసి చప్పట్లు కొట్టినవాళ్ళే ఇంటికెళ్ళి నోరున్న ఆడపిల్లని "నాగమ్మా" అని తిట్టారు. పెత్తనం తెలిసిన ఆడది, పని తెలిసిన ఆడది, లెక్క అడిగిన ఆడది - ముగ్గురికీ మా వైపు ఒకటే పేరు. ఆ రోజు నాకది తిట్టులా వినపడలేదు. స్టూలు నీడలోకి జరుపుకుని కూర్చున్నాను.

కూర్చున్నది ఎంతోసేపు కాదు. "చూడాలంటే కూర్చుంటే కనపడదమ్మా" అన్నాడు భాయ్. లేచి నిలబడ్డాను. ఇంజను పూర్తిగా చల్లబడేదాకా ఆగారు. ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు తీశారు. రేడియేటర్ నీళ్ళు దించారు, మానిఫోల్డు గుండా నీళ్ళ దారి కూడా ఉంటుంది కాబట్టి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా, ఎక్సలేటర్ వైరు, చోకు వైరు, పెట్రోలు పైపు ఒకదాని తర్వాత ఒకటి. సన్నటి రబ్బరు గొట్టాలు చాలా ఉన్నాయి. ఏది ఎక్కడిదో భాయ్‌కి గుర్తే. నేను మాత్రం నా పర్సులోంచి జవాబు పత్రాల మీద అంటించే తెల్ల స్టిక్కర్లు తీసి, ఒకటి, రెండు, మూడు అని రాసి ఒక్కో గొట్టానికీ, అది ఊడిన చోటుకీ అంటించాను. భాయ్ చూసి, "ఇది బాగుందిరా, కొత్తోడికి పనికొస్తది" అని కుర్రాడితో అన్నాడు.

మానిఫోల్డు నట్లకి పన్నెండో నంబరు పానా పడుతుంది. చివర్ల నుంచి మధ్యకి, ఒక్కోటి కొంచెం కొంచెంగా వదులు చెయ్యాలి. ఒక్క పక్కే విప్పితే అల్యూమినియం వంగుతుంది. పైవరస నట్లు కుర్రాడు విప్పాడు. కింద వరసలో లోపలికి ఉన్న ఒక నట్టు దగ్గర భాయ్ చెయ్యి పట్టలేదు. కుర్రాడి చెయ్యీ పట్టలేదు. పానా ఇటివ్వమన్నాను. గాజులు తీసి పర్సులో వేసుకుని చెయ్యి లోపలికి పెట్టాను. కంటికి కనపడదు. వేళ్ళతోనే నట్టు అంచులు వెతకాలి, పానా కూర్చోబెట్టాలి, అరంగుళం తిప్పాలి, తీయాలి, మళ్ళీ కూర్చోబెట్టాలి. చాలాసేపు పట్టింది. మోచేతి దాకా గీరుకుపోయింది. నట్టు వచ్చింది. "మేడం వేళ్ళు సన్నంగా ఉన్నయ్ గదా" అన్నాడు కుర్రాడు, మెచ్చుకుంటూనే.

ఈ సన్నటి వేళ్ళ మాట దగ్గర కొంచెం ఆగాలి. మన రాష్ట్రంలో హైబ్రిడ్ పత్తి విత్తనాల చేలల్లో పూమొగ్గలు విప్పి పరాగం రాయడానికి చిన్న చిన్న ఆడపిల్లల్ని ఏళ్ళ తరబడి వాడారు. వాళ్ళ వేళ్ళు సన్నవని, ఓపిక ఎక్కువని కారణం చెప్పారు. అసలు కారణం కూలి తక్కువని. మరి అవే సన్నటి వేళ్ళకి షెడ్డులో పని ఎందుకు దొరకలేదు? పని తక్కువ కూలిదైతే మన వేళ్ళు అర్హత. పనికి నైపుణ్యం, పేరు, మంచి కూలి ఉంటే అవే వేళ్ళు సుకుమారం. ఇంతకీ ఆ నట్టు వచ్చింది వేళ్ళు సన్నగా ఉండటం వల్ల కాదు, ఎటు తిప్పాలో ఆయన పక్కన నిలబడి చెప్పడం వల్ల, నేను వదలకపోవడం వల్ల.

మానిఫోల్డు బయటికొచ్చాక హెడ్డు మీద మూడు రంధ్రాలు కనపడ్డాయి. వెంటనే వాటిలో శుభ్రమైన గుడ్డముక్కలు కుక్కారు. నట్టో మసిపెళ్ళో లోపల పడితే ఇంజను మొత్తం దించాల్సొస్తుంది. పాత ప్యాకింగ్‌ని భాయ్ వెలుగులోకి పట్టుకున్నాడు. ఒకటో దారికీ రెండో దారికీ మధ్య అంచు చివికి తెగిపోయి ఉంది. ఆ తెగినచోటు నుంచి లోపలికి సన్నగా ఒక తెల్లటి గీత. సున్నపు దుమ్ము. ఫిల్టర్ దాటకుండా పిడుగురాళ్ళ గాలి నేరుగా ఇంజనులోకి పోయిన దారి అది. అలాగే వదిలేసి ఉంటే ఆ దుమ్ము సిలిండర్ గోడల్నే అరగదీసేది. "కార్బురేటర్ తప్పేం లేదమ్మా. మీ తప్పూ లేదు" అన్నాడు. రెండో మాట ఆయన మామూలుగానే అన్నాడు. నేను మాత్రం ఆ ముక్కని కాగితంలో చుట్టి ఇంటికి తీసుకెళ్ళి భోజనాల బల్ల మీద పెట్టాను. బండి అమ్మే ప్రసక్తి మళ్ళీ రాలేదు.

బిగించేటప్పుడు వరస తిరగబడుతుంది. అతుకు ముఖాలు గీతలు పడకుండా గీకి శుభ్రం చేసి, ఉక్కు స్కేలు నిలువునా ఆనించి వంపు లేదని చూసి, కొత్త ప్యాకింగ్ వేసి, మధ్య నట్టు నుంచి చివర్లకి, రెండు మూడు విడతలుగా. టార్క్ రెంచి అనే పనిముట్టు ఉంటే అంకె చూసి బిగిస్తారు. ఇంత చిన్న ఇంజన్లకి 20 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల సరిపోతుంది. భాయ్ దగ్గర ఆ రెంచి లేదు, ఆయన మణికట్టే రెంచి. ఎక్కువ బిగిస్తే స్టడ్డు విరుగుతుంది, తక్కువైతే మళ్ళీ గాలి తాగుతుంది. అది పుస్తకంలో లేని చదువు. నలభై ఏళ్ళ ఆ చదువుకి సర్టిఫికెట్ లేదు. కాలేజీలో అక్షరాలు చెప్పే నాకు ఉన్న గౌరవంలో పదో వంతు ఆయనకి ఊళ్ళో లేదు. షెడ్డు ఆడవాళ్ళకి మూసిన తలుపే. కాని లోపల ఉన్నవాళ్ళని రాజులనుకుంటే పొరపాటు. చేతి పనిని తక్కువగా చూసే కులం, వర్గం వాళ్ళ మీదా కూర్చునే ఉన్నాయి. నేను ఆ స్టూలు మీద కూర్చోగలిగింది కూడా బండి యజమానిని కాబట్టే. అదే షెడ్డుకి కూలి ఆడమనిషి వచ్చి పని నేర్చుకుంటానంటే ఏమయ్యేది?

అదే అడిగాను. మీ అమ్మాయిలకి ఎవరికైనా ఈ పని నేర్పారా భాయ్ అని. ఆయన కాసేపు మాట్లాడలేదు. "చిన్నది డిగ్రీ చదువుతుందమ్మా. చిన్నప్పుడు చప్పుడు వినే చెప్పేసేది ఏ బండికి ఏం జబ్బో. పెద్దమనిషి అయినాక రానియ్యలా" అన్నాడు. చప్పుడు విని జబ్బు చెప్పగల పిల్లని ఆ వయసు దగ్గర గుమ్మం లోపల ఆపేశారు. ఎన్ని ఊళ్ళలో, ఎన్ని వృత్తుల్లో ఇలా ఆగిపోయి ఉంటారో మనకి లెక్క లేదు. మన చరిత్ర రాసుకునేటప్పుడు రాయనివ్వని కలాల గురించి మాట్లాడుకున్నాం. పట్టుకోనివ్వని పానాల గురించి కూడా మాట్లాడుకోవాలి.

ఎందుకంటే ఆడవాళ్ళు యంత్రాన్ని ముట్టుకున్న చోటల్లా దాన్నొక వింతగానో వేళాకోళంగానో మార్చడం లోకమంతటా ఉంది. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ భర్తకి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి వంద కిలోమీటర్లకి పైగా ఆయన తయారుచేసిన కారు నడుపుకుంటూ వెళ్ళింది. దారిలో ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. లోకంలో మొదటి దూరప్రయాణపు డ్రైవరే మొదటి రోడ్డు పక్క మెకానిక్కు కూడా. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ విమానాల మెర్లిన్ ఇంజన్లు ముక్కు కిందికి వంచి దూకేటప్పుడు కార్బురేటర్‌లోకి పెట్రోలు ఎక్కువై ఆగిపోయేవి. 1941లో బియాట్రిస్ షిల్లింగ్ అనే ఇంజనీరు పెట్రోలు ధారని అదుపు చేసే చిన్న రంధ్రమున్న లోహపు బిళ్ళ కనిపెట్టింది. పైలట్ల ప్రాణాలు కాపాడిన ఆ బిళ్ళకి మగవాళ్ళు పెట్టిన పేరు 'మిస్ షిల్లింగ్స్ ఆరిఫిస్'. ఆ పేరులోని ద్వంద్వార్థం చూసి నవ్వుకునేవాళ్ళట.

మన దగ్గరికే వద్దాం. 1974లో టెల్కో ఉద్యోగ ప్రకటనలో స్త్రీలు దరఖాస్తు చేయనక్కర్లేదని చదివి సుధా మూర్తి జె.ఆర్.డి. టాటాకి పోస్టుకార్డు రాశారు, ఉద్యోగం తెచ్చుకున్నారు. ఆమెకి ఇంజనీరింగ్ డిగ్రీ ఉంది. డిగ్రీ లేనివాళ్ళ మాటేమిటి? 2021లో కొత్తగూడెం దగ్గర సుజాతనగర్‌లో లారీ టైర్లు విప్పి బాగుచేసే యెడలపల్లి ఆదిలక్ష్మి గురించి పత్రికలు రాశాయి. భర్త పక్కన పని చేస్తూ నేర్చుకున్న మనిషి. చదివి సంతోషించాను. కాని ఒక ఆడమనిషి టైరు విప్పడం 2021లో కూడా వార్త కావడమే అసలు వార్త. మా అమ్మ కుట్టుమిషను మొత్తం విప్పి, నూనె వేసి, దారం తెగకుండా బిగువు సరిచేసి మళ్ళీ బిగించేది. దాన్ని మెకానిజం అని ఎవరూ అనలేదు, అమ్మతో సహా.

ఇప్పుడు బళ్ళు మారిపోయాయి. మారుతి 800లోనే 2000లో కార్బురేటర్ పోయి ఎంపీఎఫ్ఐ వచ్చింది. 2014లో ఆ బండి తయారీయే ఆగిపోయింది. ఇప్పటి చాలా బళ్ళకి మానిఫోల్డు ప్లాస్టిక్‌ది. గాలి ఎంత వస్తోందో సెన్సర్లు కొలుస్తాయి, జబ్బు ఏమిటో కంప్యూటర్ చెబుతుంది. కరెంటు బండికి మానిఫోల్డే లేదు. భాయ్ మణికట్టులోని చదువు ఇప్పుడు కంపెనీ సాఫ్ట్‌వేర్ వెనక తాళంలో ఉంది. షెడ్డు దగ్గర మనల్ని ఆపిన తలుపు లాంటిదే సర్వీస్ సెంటర్ ఏసీ గదిలో అద్దంతో చేసి పెట్టారు. మనం సోఫాలో కూర్చుని కాఫీ తాగుతూ, అద్దం అవతల ఏం విప్పుతున్నారో తెలియకుండా బిల్లు కడుతున్నాం. ఇప్పుడు ఆ అద్దం ఇవతల మగవాళ్ళు కూడా ఉన్నారు కాబట్టే కాబోలు, 'బాగుచేసుకునే హక్కు' అని మాట వినపడుతోంది. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల శాఖ దీనిమీద కమిటీ వేసింది. వాహనాలు కూడా అందులో ఉన్నాయి. ఆ హక్కు చర్చలో స్త్రీలుగా మనం చేర్చాల్సిన మాట ఒకటుంది. విడిభాగాలూ మాన్యువల్లూ అందుబాటులోకి రావడం సగం పనే. విప్పే చోట నిలబడే హక్కు, అడిగిన ప్రశ్నకి మనకే జవాబు వచ్చే హక్కు మిగతా సగం.

మహిళా కాలేజీల్లో వంటలపోటీలు, ముగ్గులపోటీలు ఏటా పెడుతూనే ఉన్నాం. ఏడాదికి ఒక్కరోజు ఒక పాత ఇంజనుని బల్ల మీద పెట్టి, భాయ్ లాంటి పెద్దాయనకి గౌరవంగా కుర్చీ వేసి పాఠం చెప్పించడానికి ఏం అడ్డం? నేను పని చేసిన చోట రెండుసార్లు పెట్టగలిగాను. మొదటిసారి పిల్లలు చున్నీలు నడుముకి బిగించి, నవ్వుతూ, ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ వచ్చారు. కాసేపటికి నవ్వులు ఆగి ప్రశ్నలు మొదలయ్యాయి. కారెంపూడి దగ్గర పల్లె నుంచి వచ్చిన ఒక పిల్ల ప్యాకింగ్‌ని వేళ్ళతో తడిమి చూసి, "మేడం, మా చేలో మోటారు కూడా గాలి తాగుద్ది. మా నాన్న నన్ను దాని దగ్గరికి పోనియ్యడు" అంది. ఆ తర్వాత వారం సెలవులకి ఊరెళ్ళి వచ్చి, మోటారు విప్పిందో లేదో చెప్పలేదు గాని, పన్నెండో నంబరు పానా ఎంతకి దొరుకుతుందని అడిగింది.